కోబాల్ట్ ఒక్కటే వేస్తే ఏమీ లేదు, 9-అమైనోఅక్రిడిన్‌తో కలిపితే ప్లేటు నిండిపోయింది: ఎందుకు?

చైత్ర_మైక్రో (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో లోహ లవణాల మీద ఏమ్స్ పరీక్ష (రసాయనం మ్యుటేషన్లు, అంటే జన్యు మార్పులు, తెస్తుందో లేదో బ్యాక్టీరియా మీద చూసే పరీక్ష) చేస్తున్నాను. కోబాల్ట్ క్లోరైడ్‌ను సాల్మొనెల్లా టీఏ1537 రకం మీద వేశాను. వట్టి నీళ్ల ప్లేటుకీ దీనికీ తేడా లేదు. రెండింట్లోనూ పదీ పన్నెండు కాలనీలే. చదివింది కూడా అలాగే ఉంది కాబట్టి ఆశ్చర్యపోలేదు.

అప్పుడు మా గైడ్ ఒక మాట అన్నారు. కోబాల్ట్ బ్యాక్టీరియాను నీరసపరిచి మ్యుటేషన్లను కనబడనీయడం లేదేమో, పాజిటివ్ కంట్రోల్‌తో (మ్యుటేషన్లు తెస్తుందని ముందే తెలిసిన పదార్థంతో) కలిపి ఒక సెట్ వేసి చూడమన్నారు. టీఏ1537కి కంట్రోల్ 9-అమైనోఅక్రిడిన్ (ఇకపై 9-ఏఏ అంటాను). కాలనీలు తగ్గుతాయేమో అని చూస్తే, 9-ఏఏ ఒక్కటే వేసిన ప్లేట్ల కంటే ఎన్నో రెట్లు పెరిగాయి. మూడు ప్లేట్లలోనూ అంతే. వారం తర్వాత మళ్లీ వేశాను, మళ్లీ అంతే.

తనంతట తాను ఏమీ చేయని లోహం, పక్కన ఒక సేంద్రియ పదార్థం ఉంటే ఇంత ఎలా చేస్తుంది? నేనేదైనా తప్పు చేశానా? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

పెట్రీప్లేటు

చైత్ర గారూ, కంగారు పడకండి. కారణం వెతికే ముందు ప్లేటు నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఈ ప్లేట్లు లెక్కపెడుతున్నాను, లోహాలతో మోసపోయినన్ని సార్లు ఇంక దేనితోనూ మోసపోలేదు.

ముందు కాలనీల వెనక ఉండే పలుచటి పొర, మనం లాన్ అంటాం కదా, దాన్ని మైక్రోస్కోపు కింద చూడండి. ఈ బ్యాక్టీరియా హిస్టిడిన్ లేనిదే పెరగవు, పైన పోసే టాప్ అగార్‌లో కాస్త హిస్టిడిన్ కలుపుతాం కాబట్టి బ్యాక్టీరియా అన్నీ రెండు మూడు సార్లు విభజన చెంది ఆ పొర కడతాయి. విషం ఎక్కువై చాలా భాగం చచ్చిపోతే, మిగిలిన కొద్దిపాటి వాటికి ఆ హిస్టిడిన్ అంతా దక్కుతుంది. అవి సూదిమొనంత కాలనీలుగా పెరుగుతాయి. వాటిలో మ్యుటేషన్ ఏమీ ఉండదు, తిండి దొరికి పెరిగినవి అంతే. కోబాల్ట్, 9-ఏఏ రెండూ కలిసి విషం పెరిగితే మీకు కనిపించింది ఇదే కావచ్చు.

తేల్చుకోవడం సులువు. కలిపిన ప్లేటు నుంచి ఓ ఇరవై కాలనీలు తీసి, హిస్టిడిన్ లేని, బయోటిన్ మాత్రమే ఉన్న ప్లేటు మీద గీయండి. నిజమైన రివర్టెంట్లయితే, అంటే మ్యుటేషన్ వల్ల హిస్టిడిన్ చేసుకునే గుణం తిరిగి వచ్చినవయితే, పెరుగుతాయి.

చైత్ర_మైక్రో

లాన్ పలచబడలేదు సార్, 9-ఏఏ ప్లేటులో ఎలా ఉందో అలాగే ఉంది. కాలనీలు కూడా మామూలు సైజే. గీసి చూడటం మాత్రం చేయలేదు. రేపే చేస్తాను.

కొత్తగా_చదువుతున్నా

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. ఏమ్స్ పరీక్ష అంటే అసలు ఏం చూస్తారు? మ్యుటేషన్ జరిగిందని కాలనీ ఎలా చెబుతుంది?

పెట్రీప్లేటు

ఇందులో అనుకోవడానికేముంది, అడగాల్సిన ప్రశ్నే. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ దీన్ని తయారుచేశారు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లాను తీసుకుంటారు. దాని జన్యువులో ముందే ఒక తప్పు ఉంటుంది. హిస్టిడిన్ దాదాపు లేని ప్లేటు మీద అది పెరగలేదు. ఏదైనా రసాయనం డీఎన్ఏను మార్చి, ఆ మార్పు సరిగ్గా పాత తప్పును సరిదిద్దే చోట పడితే, ఆ కణం మళ్లీ హిస్టిడిన్ చేసుకుని కాలనీగా కనబడుతుంది. పోగొట్టుకున్న గుణం తిరిగి వచ్చింది కాబట్టి రివర్టెంట్ అంటాం.

ఒక్కో రకంలో ఒక్కో తప్పు. టీఏ100లో ఒక డీఎన్ఏ అక్షరం (బేస్) బదులు ఇంకో అక్షరం ఉంది. టీఏ98, టీఏ1537లలో చదివే వరుస జరిగిపోయింది. టీఏ102లో లక్ష్యం ఎ-టి జంట దగ్గర ఉంది, ఆక్సీకరణ వల్ల కలిగే దెబ్బకు అది బాగా స్పందిస్తుంది. అందుకే ఏ రకం మీద కాలనీలు పెరిగాయన్నదే సగం జవాబు.

లిగాండ్

నేను అకర్బన రసాయనశాస్త్రం వైపు మనిషిని, అందుకని లోహం సంగతి చెబుతాను.

"కోబాల్ట్ ఏమీ చేయదు" అన్న మాటలోనే చిక్కుంది. నీళ్లలో కోబాల్ట్ అయాన్ ఒంటరిగా ఉండదు, చుట్టూ ఆరు నీటి అణువులు పట్టుకుని ఉంటాయి. నైట్రోజన్ ఉన్న సేంద్రియ అణువు దగ్గరకొస్తే ఆ నీళ్లు కొన్ని తప్పుకుని అది అతుక్కోవచ్చు. అప్పుడది వేరే పదార్థం. విద్యుదావేశం వేరు, ఆకారం వేరు, కొవ్వు పొరలోంచి దూరే తీరు వేరు. కణానికి అది కోబాల్ట్ క్లోరైడ్ కానే కాదు.

దీనికి క్రోమియం కంటే మంచి ఉదాహరణ లేదు. క్రోమేట్ రూపంలో ఉన్న ఆరో ఆక్సీకరణ స్థితి క్రోమియం సల్ఫేట్‌ను పోలి ఉంటుంది కాబట్టి సల్ఫేట్ లోపలికి పోయే దారిలోనే దూరిపోతుంది, ఏమ్స్ పరీక్షలో స్పష్టంగా పాజిటివ్ వస్తుంది. మూడో స్థితి క్రోమియం ఆరు నీటి అణువులతో బయటే నిలబడిపోతుంది, మామూలుగా నెగెటివ్. అదే మూడో స్థితి క్రోమియానికి 2,2'-బైపిరిడిన్ గానీ 1,10-ఫెనాంత్రోలిన్ గానీ తగిలిస్తే సాల్మొనెల్లాలో మ్యుటేషన్లు కలిగిస్తుందని 1981లోనే చూపించారు. లోహం మారలేదు, దాని స్థితీ మారలేదు. మారింది చుట్టూ ఉన్న సేంద్రియ తొడుగు ఒక్కటే. మొదటిసారి ఆ ఫలితాలు చదివినప్పుడు చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

ఇంకొకటి. లెడ్ క్రోమేట్ నీటిలో దాదాపు కరగదు, కాబట్టి పరీక్షలో హాని లేనిదిగానే కనిపిస్తుంది. నైట్రిలోట్రైఎసిటిక్ ఆమ్లం కలిపితే అది సీసాన్ని పట్టుకుంటుంది, క్రోమేట్ విడుదలై కరుగుతుంది, కాలనీలు వస్తాయి. ఇక్కడ సేంద్రియ పదార్థం క్రోమియంతో ఏ బంధమూ పెట్టుకోలేదు, తలుపు తీసింది అంతే.

మరమ్మతు

లిగాండ్ గారు చెప్పింది లోపలికి వెళ్లే దారి గురించి. లోపల జరిగేది ఇంకో కథ. చైత్ర గారి ప్లేటుకు అదే దగ్గరని నా అనుమానం.

9-ఏఏ డీఎన్ఏతో గట్టి బంధమేమీ పెట్టుకోదు. బల్లపరుపుగా ఉండే అణువు కాబట్టి రెండు బేస్ జంటల మధ్య సందులోకి జారి కూర్చుంటుంది. ఒకే అక్షరం వరుసగా వచ్చే చోట, నకలు తీసే పాలిమరేజ్ అక్కడ తడబడి ఒక అక్షరం ఎక్కువో తక్కువో వేస్తుంది. టీఏ1537లో లక్ష్యం సరిగ్గా అలాంటి వరుసే. ఆ తడబాటును కణం చాలావరకు సరిదిద్దుకుంటుంది. సరిదిద్దే ప్రోటీన్లకూ, నకలు తీసే పాలిమరేజ్‌కూ మెగ్నీషియమో జింకో సరైన చోట ఉండాలి. ఆ చోట్లోకి వేరే లోహం దూరితే?

కాబట్టి లోహం డీఎన్ఏను ముట్టుకోనక్కర్లేదు. వేరొకరు చేసిన దెబ్బ మానకుండా చేస్తే చాలు. అప్పుడు లోహం ఒక్కటే వేసిన ప్లేటులో ఏమీ కనబడదు, ఎందుకంటే మాన్పడానికి అక్కడ గాయమే లేదు.

మాటలతో సరిపెట్టడం లేదు. డీఎన్ఏ పాలిమరేజ్‌కు మెగ్నీషియం బదులు వేరే లోహాలిస్తే తప్పులు పెరుగుతాయని సిరోవర్, లోబ్ 1976లో పరీక్షనాళికలోనే చూపించారు. వాళ్ల జాబితాలో కోబాల్ట్ కూడా ఉంది. కాడ్మియం, మిథైల్ నైట్రోసోయూరియా లాంటి మిథైల్ గుంపును అతికించే పదార్థాలు కలిస్తే సాల్మొనెల్లాలో మ్యుటేషన్లు విడివిడి మొత్తం కంటే ఎక్కువ వస్తాయని 1980లలో వచ్చింది. నికెల్‌తో ఆల్కైలేటింగ్ పదార్థాల (డీఎన్ఏకు మిథైల్ లాంటి గుంపులను అతికించేవాటి) మీదా అలాంటిదే వచ్చింది. కాడ్మియం జత తప్పులను సరిదిద్దే వ్యవస్థనే అణచేస్తుందని 2003లో ఈస్ట్‌లో తేలింది.

ఇక మీ జంట కొత్తదేమీ కాదు చైత్ర గారూ. కోబాల్ట్ లవణాలు 9-ఏఏతోనూ, మరికొన్ని నైట్రోజన్ వలయాలున్న సేంద్రియ పదార్థాలతోనూ కలిసి టీఏ1537లో మ్యుటేషన్లు పెంచుతాయని జపాన్ పరిశోధకులు 1986 ప్రాంతంలోనే ప్రచురించారు. మీరు తప్పు చేయలేదు. ఎవరూ చెప్పకుండానే దాన్ని మళ్లీ చూశారు.

చైత్ర_మైక్రో

ఈ చివరి వాక్యం మా గైడ్‌కి చదివి వినిపించాను. చాలా థ్యాంక్స్. ఇంత కాలంగా తెలిసిన సంగతి నాకు తెలియకపోవడం బాధగానే ఉంది, కానీ నా ప్లేట్ల మీద నమ్మకం వచ్చింది.

సూక్ష్మలోకం

అయితే లోహం ఏ సేంద్రియ విషాన్నైనా బలపరుస్తుందని అనుకోవచ్చా? రాగితో కూడా ఇలాగే వింటుంటాం.

మరమ్మతు

అనుకోకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇదే కోబాల్ట్ క్లోరైడ్‌ను ఈ.కోలైలో ఎంఎన్‌ఎన్‌జీ అనే బలమైన మ్యుటాజెన్‌తో (మ్యుటేషన్లు తెచ్చే పదార్థంతో) కలిపి కాడా, కనెమత్సు 1978లో చూశారు. మ్యుటేషన్లు తగ్గాయి. అదే లోహం 9-ఏఏ పక్కన ఉంటే పెంచుతుంది, ఎంఎన్‌ఎన్‌జీ పక్కన ఉంటే తగ్గిస్తుంది. లోహానికి ఒక గుణం, సేంద్రియ పదార్థానికి ఒక గుణం అని విడివిడిగా రాసిపెట్టుకుంటే ఈ రెండు ఫలితాలూ ఒకే పేజీలో ఇమడవు. జంటను జంటగానే పరీక్షించాలి.

లిగాండ్

దానికి ఇంకో సాక్ష్యం క్లోరోఫిలిన్. పత్రహరితం నుంచి చేసే, నడుమ రాగి ఉన్న బల్లపరుపు అణువు. బల్లపరుపుగా ఉండే మ్యుటాజెన్లను తనకు అతికించుకుని డీఎన్ఏ దాకా పోనివ్వదు. ఏమ్స్ పరీక్షలో కాలనీలు తగ్గుతాయి.

రాగికే ఇంకో ముఖం ఉంది. 1,10-ఫెనాంత్రోలిన్ రెండు అణువులు రాగిని పట్టుకుంటే ఆ సముదాయం డీఎన్ఏ మెలికలో ఉండే సన్నటి గాడిలో కూర్చుని, హైడ్రోజన్ పెరాక్సైడ్ అందితే పోగును తెంపేస్తుంది. సిగ్మన్ బృందం 1979లో గమనించింది. హైడ్రోక్వినోన్, కేటెకాల్ లాంటివి కూడా రాగి దొరికితే దానికి ఎలక్ట్రాన్ ఇచ్చి తాము క్వినోన్లుగా మారతాయి. ఆ ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌కు చేరి పెరాక్సైడ్ పుడుతుంది, పెరాక్సైడ్ మళ్లీ అదే రాగి మీద విరిగి డీఎన్ఏను కాల్చేస్తుంది. ఇనుముతో జరిగే ఇలాంటి చర్యను ఫెంటన్ 1894లోనే రాశారు. అక్కడ పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ ఎంత ఆబగా ఉంటుందంటే పుట్టిన చోటికి కొన్ని నానోమీటర్లలోపే దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. అందుకే లోహం డీఎన్ఏకు ఎంత దగ్గరగా కూర్చుందన్నది ముఖ్యం. లోహాన్ని ఆ దగ్గరకు తీసుకెళ్లేది చాలాసార్లు సేంద్రియ అణువే. బ్లియోమైసిన్ మందు పనిచేసేదీ ఇలాగే, ఇనుమును పట్టుకుని డీఎన్ఏ మీద వాలుతుంది. ఇనుము లేకపోతే దాని పళ్లు ఊడినట్టే.

మరమ్మతు

ఆ రాడికల్ గ్వానిన్‌ను 8-ఆక్సోగ్వానిన్‌గా మారుస్తుంది. అది సైటోసిన్‌తో పాటు అడెనిన్‌తోనూ జత కడుతుంది కాబట్టి జి (గ్వానిన్) ఉన్న చోట టి (థైమిన్) వచ్చి పడుతుంది. ఈ.కోలైలో మ్యూట్-టి, మ్యూట్-ఎం, మ్యూట్-వై అని మూడు జన్యువులు ఈ ఒక్క తప్పు మీదే కాపలా కాస్తాయి. ఒక్క తప్పుకు ముగ్గురు కాపలాదారులంటే కణం దాన్ని ఎంత ప్రమాదంగా చూస్తోందో ఊహించుకోండి.

పెట్రీప్లేటు

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. ఈ రాడికల్ మాటలు విని రేపు ఎవరైనా రాగి, ఫెనాంత్రోలిన్ కలిపి ప్లేటు వేస్తే ఏమీ రాకపోవచ్చు. కారణం ద్రావణి. డీఎంఎస్ఓలో కరిగించారా? అది హైడ్రాక్సిల్ రాడికల్‌ను మింగేస్తుంది. వెతుకుతున్నదాన్ని మన చేత్తో మనమే తుడిచేసినట్టు. 9-ఏఏ హైడ్రోక్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది, నీళ్లే వాడండి. అక్రిడిన్లకు వెలుతురు కూడా పడదు, ట్యూబులకు రేకు చుట్టండి.

రెండోది అగార్. మనం వాడే వోగెల్-బోనర్ మాధ్యమంలో సిట్రేట్, ఫాస్ఫేట్ దండిగా ఉంటాయి. సిట్రేట్ లోహాన్ని కట్టేస్తుంది, ఫాస్ఫేట్ కొన్నిటిని అవక్షేపంగా దించేస్తుంది. మీరు ప్లేటులో వేసిన లోహమంతా బ్యాక్టీరియాకు అందుతోందనుకోవద్దు. పగానో, జైగర్ 1992లో ఇదే చెప్పారు: ఫాస్ఫేట్ బఫర్ బదులు హెపెస్‌లోనో నీళ్లలోనో ముందుగా కలిపి ఉంచితే, నెగెటివ్ అనుకున్న కొన్ని లోహాలు టీఏ97 రకం మీద పాజిటివ్ అయ్యాయి. మీ కోబాల్ట్ "ఒక్కటే" సెట్‌ను హెపెస్‌లో 37 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి మళ్లీ వేయండి. అప్పుడే "ఏమీ లేదు" అన్న మాటకు బలం.

మూడోది ఎస్9, అంటే కాలేయపు సారం. అది కలిపితే ఆరో స్థితి క్రోమియం కణం బయటే మూడో స్థితికి దిగిపోయి ప్రభావం పడిపోతుంది. చాలా సేంద్రియ పదార్థాలది దీనికి రివర్స్, ఎస్9తోనే మేల్కొంటాయి. రెండూ కలిపిన ప్లేటులో ఎస్9 వేస్తే ఒకటి నిద్రపోతుంది, ఇంకొకటి లేస్తుంది. ఆ ఫలితాన్ని చదవడానికి ఎస్9 ఉన్నదీ లేనిదీ రెండూ వేయాల్సిందే.

గణిత_జీవి

లెక్క గురించి ఒక్క మాట. నాలుగు గుంపులు తప్పనిసరి: ఏమీ లేనిది, లోహం ఒక్కటే, సేంద్రియం ఒక్కటే, రెండూ. ముందు ప్రతిదాని నుంచి సహజంగా వచ్చే కాలనీలు తీసేయాలి. ఊరికే ఉదాహరణకు, సహజంగా 10, లోహంతో 12, సేంద్రియంతో 60 వచ్చాయనుకోండి. అదనం 2, 50. రెండూ కలిస్తే 62 దగ్గర వస్తే అది వట్టి కూడిక. 180 వస్తే కూడికను మించింది. చాలామంది 180ని 10తో పోల్చి "18 రెట్లు" అని రాసేస్తారు, అది లోహానికి రావాల్సిన మాట కాదు.

ఇంకా, ఒకే మోతాదు జంటతో ఆగకండి. 9-ఏఏ మోతాదు రేఖ కింది భాగంలో వంపు తిరిగి ఉంటే, లోహం 9-ఏఏను కాస్త ఎక్కువగా లోపలికి పంపినా కాలనీలు అమాంతం పెరుగుతాయి. అది చూడ్డానికి కలిసి పనిచేసినట్టే ఉంటుంది.

చైత్ర_మైక్రో

ఇది నాకు తట్టనే లేదు. అంటే కోబాల్ట్ మరమ్మతును ఆపిందా, 9-ఏఏను ఎక్కువ లోపలికి పంపిందా, లేక దానితో కలిసి కొత్త పదార్థం అయిందా అని మూడు దారులున్నాయి. వీటిని విడదీయడం ఎలా? ఈడీటీఏ కలిపి కోబాల్ట్‌ను కట్టేస్తే సరిపోతుందా?

లిగాండ్

ఈడీటీఏతో జాగ్రత్త. సాల్మొనెల్లా లాంటి గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియా బయటి పొరను పట్టి ఉంచేది మెగ్నీషియం, కాల్షియం. ఈడీటీఏ వాటిని కూడా లాగేస్తే పొర వదులై 9-ఏఏ ఇంకా ఎక్కువ లోపలికి పోవచ్చు. ఈడీటీఏ ప్లస్ 9-ఏఏ, కోబాల్ట్ లేకుండా, విడిగా ఒక గుంపు పెట్టుకోండి. ఇనుముతో అయితే ఇంకా చిక్కు: ఈడీటీఏ పట్టుకున్న ఇనుము పెరాక్సైడ్‌తో చర్య ఆపదు, అక్కడ డెస్ఫెరాక్సమిన్ కావాలి.

కొత్త పదార్థం అవుతోందా అన్నది తేలికే. 9-ఏఏ ద్రావణానికి కోబాల్ట్ కొంచెం కొంచెంగా కలుపుతూ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూడండి. కాంతిని పీల్చుకునే శిఖరాలు జరగకపోతే సీసాలో అవి చేతులు కలపడం లేదన్నమాట.

మరమ్మతు

వేళ మార్చి చూడటం కూడా మంచిదే. ఒక సెట్‌లో ముందు కోబాల్ట్ ఇచ్చి, కడిగేసి, తర్వాత 9-ఏఏ. ఇంకో సెట్‌లో తిరగేసి. కడిగేశాక కూడా కోబాల్ట్ ప్రభావం మిగిలితే, అది అప్పటికే కణం లోపల దేన్నో పట్టుకుని కూర్చుందని అర్థం. టీఏ1537లో యూవీఆర్-బి జన్యువు (డీఎన్ఏలో దెబ్బతిన్న ముక్కను కోసి తీసేసే మరమ్మతుకు కావాల్సినది) ఎలాగూ తీసేసి ఉంది కాబట్టి ఆ మరమ్మతు దారిని కోబాల్ట్ ఆపిందని చెప్పడానికి వీల్లేదు. వేరే దారి వెతకాలి. ఇది మీ రిపోర్టులో తప్పకుండా రాయండి.

విషశాస్త్ర_వర్ధని

భద్రతా పరీక్షల ఫైళ్లు చదవడం నా పని. ఈ చర్చ చదువుతుంటే నా బల్ల మీది కాగితాలు గుర్తొచ్చాయి. ఓఈసీడీ 471 మార్గదర్శకం ప్రకారం అయిదు రకాల బ్యాక్టీరియా మీద ఒక్కో పదార్థాన్ని పరీక్షిస్తాం. నికెల్ సమ్మేళనాలు, కాడ్మియం, ఆర్సెనిక్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) మొదటి గుంపులో పెట్టింది. అవే ఏమ్స్ పరీక్షలో ఎక్కువసార్లు నెగెటివ్‌గా వెళ్లిపోతాయి. వాటిని ఒంటరిగా అడిగాం, అవి ఒంటరిగా జవాబిచ్చాయి. మురుగునీటిలో, మట్టిలో, పొగలో లోహం ఎప్పుడూ ఒంటరిగా లేదు.

అలాగని సాల్మొనెల్లాలో 9-ఏఏ, కోబాల్ట్ కలిసి చేసిన పనిని నేరుగా మనిషికి అంటగట్టకూడదు. మన కణాల మరమ్మతు వేరు, లోహాన్ని కట్టిపడేసే మెటలోథయోనిన్ లాంటి ప్రోటీన్లు వేరు. చైత్ర గారూ, రిపోర్టు చివర "ప్రజలకు ప్రమాదం" అని ఒక వాక్యం రాయాలనిపిస్తుంది. రాయకండి. మీ దగ్గర ఉన్నది బ్యాక్టీరియా గురించిన గట్టి ఫలితం, దాన్ని అక్కడే గట్టిగా నిలబెట్టండి.

కొత్తగా_చదువుతున్నా

ఒక్క పోస్టూ వదలకుండా రెండుసార్లు చదివాను. మీ అందరికీ కృతజ్ఞతలు. లోహం గాయం చేయకుండా, మానకుండా చేయగలదన్న మాట దగ్గర ఆగిపోయాను.

చైత్ర_మైక్రో

అప్‌డేట్. కలిపిన ప్లేట్ల నుంచి ఇరవై కాలనీలు హిస్టిడిన్ లేని ప్లేటు మీద గీశాను. ఇరవైకి ఇరవై పెరిగాయి. హెపెస్‌లో ముందుగా ఉంచి వేసినా కోబాల్ట్ ఒక్కటే సెట్‌లో కాలనీలు సహజ సంఖ్య దాటలేదు. 9-ఏఏతో కలిపితే మాత్రం మళ్లీ అదే పెరుగుదల. ఈసారి రేకు చుట్టి, నీళ్లలోనే కరిగించి చేశాను.

స్పెక్ట్రోఫోటోమీటర్ గురువారానికి దొరికింది. కడిగి వేసే సెట్ కోసం ఈ రాత్రి కల్చర్ పెడుతున్నాను. ముందు కోబాల్ట్ ఇచ్చి కడిగిన ట్యూబులో ఏం వస్తుందో శనివారం ప్లేట్లు లెక్కపెట్టాక ఇక్కడే రాస్తాను.

పెట్రీప్లేటు

కడిగేటప్పుడు ఫాస్ఫేట్ బఫర్ వాడకండి, హెపెస్‌తోనే కడగండి. లేదంటే కోబాల్ట్ అవక్షేపంగా దిగి కణాలతో పాటే ట్యూబు అడుగున ఉండిపోతుంది, కడిగామనే అనుకుంటారు.